మైలలో మూసిన మదుము

బరంపురంలో మా పక్కింటి అమ్మాయికి నీటిపారుదల శాఖలో జూనియర్ ఇంజినీరు ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకొని వచ్చి, "మావయ్యా, ఈ ఉద్యోగంలో అసలు ఏటి సెయ్యాల?" అని అడిగింది. నేను మిఠాయి తిన్నానే గాని జవాబు చెప్పలేకపోయాను. గట్టు వాలు ఎంతుండాలో, కాలువ ఎంత లోతు తవ్వాలో ఆమెకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఈ ఉద్యోగంలో మనిషి ఎన్నిసార్లు నోరు తెరుచుకొని నిలబడిపోవాల్సి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. రిటైరయ్యేదాకా నేను అలా నిలబడుతూనే ఉన్నాను. వాటిలో ఒకసారి కలిగిన నిర్ఘాంతం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ అమ్మాయికి ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది అన్నవి ఎవరికీ అక్కర్లేదు. నాకే అక్కర్లేదు. మా తాత బడిపంతులు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగినవాణ్ని కాబట్టి గంజాం జిల్లా నాకు కొట్టినపిండి అనుకొనేవాణ్ని. పొలసర సెక్షన్‌కి వెళ్లాక ఆ భ్రమ పోయింది.

నీళ్లకు అద్దె

పొలసరకు కాస్త దూరంలో ఒక చిన్న జలాశయం ఉంది. ఊరి పేరు రాయను, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. నేను చేరిన కొత్తలో ఒకరోజు జీపు దిగేసరికి గట్టు మీద ఊరంతా మూగి ఉంది. కొట్లాట అనుకొని గబగబా వెళ్లాను. తీరా చూస్తే పాట జరుగుతోంది. చెరువు చేపలకు పాట పెట్టడం నాకు తెలుసు. వీళ్లు పాడుతున్నది చేపలను కాదు, నీళ్లను.

నా మతి పోయింది. జలాశయం ప్రభుత్వానిది, నేను దాని ఇంజినీరుని. నా కళ్లెదుటే నా నీళ్లను అద్దెకిచ్చేస్తున్నారు. రైతులే ఎన్నుకున్న నీటి సంఘాన్ని మా వైపు పానీ పంచాయత్ అంటాం. దాని ప్రెసిడెంటు సిమాంచల అనే పెద్దమనిషి. ఇది ఏ రూలు ప్రకారం అని ఆయన మీద అరిచాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా నన్ను కూర్చోబెట్టి, "ఆగ్యాఁ," అని ఒడియాలో అయ్యా అన్నట్టు పిలిచి, "మేం నీటిని అమ్ముతున్నామా? కాపలావోణ్ని పాడుకుంటన్నాం," అన్నాడు.

పద్ధతి ఇదీ. వానకాలం పంటకు ఇచ్చాక మిగిలిన నీళ్లు వేసవి వరికి, అంటే దాళువాకి, పనికొస్తాయి. ఎవరికి వారు తీసుకుంటే అవి పది మందికి కూడా అందవు. అందుకని పాటలో నెగ్గిన ఒక మనిషి ఆ నిల్వనీరంతా గుత్తకి తీసుకుంటాడు. మదుము తాళం, అంటే తూము తాళం, అప్పట్నుంచి కోతలదాకా అతని దగ్గరే. ఎవరి వంతు ఎప్పుడో అతనే చెప్తాడు. పంట వచ్చాక ప్రతి రైతూ అతనికి కొంత ధాన్యం కొలుస్తాడు. పంట పండకపోతే కొలవక్కర్లేదు. కాబట్టి నీళ్లు చివరి మడిదాకా చేరడం ఆ రైతుకెంత ముఖ్యమో గుత్తదారుకీ అంతే ముఖ్యం. అడుగున ఉండే నీళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వరు, అవి గొడ్లవి.

అప్పటికి మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు కటక్ వైపు మనిషి. నాయకుల ముందు పిల్లిలా ఉండి, మా ముందు పులి అయ్యేవాడు. ఆయన మీద నాకు గొప్ప గౌరవమేమీ లేదు. ఈ సంగతి చెప్తే కోపగిస్తాడనుకున్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. ఎవరు అద్దెకిచ్చారని కాదు, నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయని చూడమన్నాడు. ఎప్పుడు వెళ్లినా ముందు కాలువ తోకకి వెళ్లు, అక్కణ్నించి నడుచుకుంటూ మదుము దగ్గరికి రా అన్నాడు. ఆయన నేర్పిన మంచి విషయం అదొక్కటే. మీరూ అలాగే చెయ్యండి. తల దగ్గర టీ తాగి తోక గురించి రిపోర్టు రాసే ఇంజినీర్లు మా శాఖలో కావలసినంత మంది ఉన్నారు.

దండాసి మాట

ఆ ఊళ్లో నాలుగైదేళ్లు వరుసగా గుత్త పాడుకున్నవాడు దండాసి. తెలుగు కుటుంబం, ఎప్పుడో తాతల నాడు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్లు. బారుమనిషి. గట్టు మీద నిలబడి కేకేస్తే కాలువ తోకలో ఉన్నవాడు పార పట్టుకొని లేచేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత తాళం చేతిలో ఉన్న ప్రతివాడికీ అతుకుతుంది, దండాసికి అతకదు. నీళ్లు వదిలి ఇంటికి పోయే అలవాటు అతనికి లేదు. నీటితోపాటే గట్టు వెంబడి నడిచి, వంతు ఎవరిదో అతని మడిలో నీళ్లు పడ్డాక గాని వెనక్కి తిరిగేవాడు కాదు. ఆ ఊరి గుత్తదారులందరూ చెయ్యవలసిన పనే అది. మనస్ఫూర్తిగా చేసినవాణ్ని మాత్రం ఇతన్నే చూశాను.

పెద్ద తుఫాను వచ్చిన ఏడాది అది. వానకాలం వరి పొట్టకొచ్చి ఉండగా నేలకి అతుక్కుపోయింది. కాలువ తోకలో అప్పన్న అని ఒక కౌలురైతు ఉన్నాడు. అతనికీ, భార్య పోలమ్మకీ, పిల్లలకీ ఏడాది పొడుగునా తినడానికి ఆ దాళువా వరి తప్ప ఇంకేం లేదు. సగం ఊరి సంగతి అంతే, కాని మిగిలినవాళ్లకి అంతో ఇంతో సొంత భూమి ఉంది, ఊరి బయట పని చేసే కొడుకో తమ్ముడో ఉన్నాడు. అప్పన్నకి ఆ చేనే దిక్కు.

తుఫాను తర్వాత వేసిన దాళువా చేను పొట్టకొచ్చింది. ఆ సమయంలో నీరు తప్పితే కంకి బయటికి రాదు, వచ్చినా తాలే. తల దగ్గరి చేలకి వంతు అయిపోయింది, మదుము మూసి ఉంది. రేపు పొద్దున్నే తోకకి నీరిస్తానని దండాసి అప్పన్నకి మాటిచ్చాడు. ఆ సాయంత్రం గట్టు మీద నడుస్తూ నడుస్తూ కూలబడ్డాడు. పొలసర ఆసుపత్రికి తీసుకెళ్లే లోపే ప్రాణం పోయింది.

దహనమైన మర్నాడు నాకు దండాసి తమ్ముడు కైలాసం ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. మైల కాబట్టి దినాలు అయ్యేదాకా ఊళ్లో ఎవరూ మదుము ముట్టుకోరట, తోక చేలు ఎండిపోతున్నాయట, సర్కారువాళ్లు వచ్చి తెరిస్తే ఎవరికీ దోషముండదట. అన్న పోయిన దుఃఖంలోనూ పరాయివాళ్ల చేల గురించి ఆలోచించాడని నాకు కళ్లు చెమర్చాయి. ఆఫీసులో ఉన్న రెండో తాళంచెవి తీసుకొని, కాలువ కాపలా చూసే లస్కరు భీమసేన్‌ని వెంటబెట్టుకొని బయల్దేరాను.

అప్పన్న అడ్డం

ముందు తోకకి వెళ్లాం. అప్పన్న మడిలో నేల నెర్రెలిచ్చింది. ఆకులు సన్నగా చుట్టుకుపోయాయి. మడిలో ఎవరూ లేరు. కాలువ వెంట నడిచి మదుము దగ్గరికి వస్తే, అప్పన్న దాని మెట్ల మీద అడ్డంగా కూర్చొని ఉన్నాడు. నా కోసమే వచ్చాడు, త్వరగా తెరవమని అడగడానికి అనుకున్నాను.

"తాళం తియ్యకండి బాబూ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వినపడలేదేమోనని మళ్లీ అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నీ చేను కళ్లముందే చచ్చిపోతుంటే నీకు మైలేమిటయ్యా, నీ పిల్లలకి ఆచారం వండి పెడతావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ముప్పయ్యేళ్ల చదువూ ఉద్యోగమూ అలాంటప్పుడే బయటపడతాయి. అతను విసుక్కోకుండా అంతా విన్నాడు.

"మైల కాదు బాబూ. మైల అని పైకి అంటాం," అన్నాడు.

తర్వాత అతను చెప్పింది ఇదీ. అతని నాన్న రోజుల్లో ఆ చెరువు గుత్తదారు ఒకతను ఇలాగే మధ్యలో పోయాడట. చేలెండిపోతున్నాయని నలుగురూ చేరి, ఎవరో అధికారిని బతిమాలి మదుము తెరిపించారు. నీళ్లు పారాయి, అందరూ ఆ అధికారికి దండం పెట్టారు. ఆ మర్నాడే, నీళ్లు వేరే చేతికి వెళ్లిపోయాయి కాబట్టి పాత గుత్త తెగిపోయిందని తేల్చి మళ్లీ పాట పెట్టారు. చచ్చినవాడి పెళ్లానికి నీళ్లూ లేవు, కోతల నాడు రావలసిన ధాన్యమూ లేదు. ఆమె పిల్లల్ని తీసుకొని ఇటుక బట్టీలకి పోయింది, మళ్లీ ఊరి ముఖం చూడలేదు. తర్వాత ఊరివాళ్లకి సిగ్గేసింది. గుత్తదారు చనిపోతే దినాలు అయ్యేదాకా మదుము కదపకూడదని, ఆ తర్వాత అతని ఇంట్లోవాళ్లే గట్టు మీద నిలబడి ఇక నీళ్లు ఎవరివో చెప్పాలని ఒట్టు పెట్టుకున్నారు. ఈలోగా వేరే చెయ్యి పడితే గుత్త తెగినట్టే. మైల అన్న మాట ఆ తలుపుకి వేసిన గడియ. బయటివాళ్లకి అదొక మూఢాచారంలా కనిపిస్తుంది, నాకూ అలాగే కనిపించింది.

"మీరు తాళం తీస్తే సూరొదిన గుత్త తెగిపోద్ది," అన్నాడు అప్పన్న. సూరమ్మ దండాసి భార్య. "రేపే కైలాసం పాట పెట్టిస్తాడు. తన తరపున పాడుకోడానికి మడుసుల్ని సిద్దం సేసుకున్నాడు."

నా చేతిలో తాళంచెవి ఉంది. ఫోన్‌లో ఆ ఏడుపు, ఆ దయ, అంతా నా చేతిని అక్కడికి రప్పించడానికే. ఆ నిమిషం ఆగకుండా ఉంటే పని పూర్తయ్యేది, పైగా మంచి పని చేశానని సంతోషంగా ఇంటికి పోయేవాణ్ని.

"మరి నీ చేను?" అని అడిగాను.

"ఎండిపోద్ది," అన్నాడు. "ఆవిడి ముద్ద లాగీసి నా పిల్లలకెలా పెట్టమంటారు బాబూ?"

ఉద్యోగంలో చాలామంది నీళ్ల కోసం కొట్టుకోవడం చూశాను. పార దెబ్బలు చూశాను, తలలు పగలడం చూశాను. చేను ఎండుతున్నవాడు నీళ్లకి అడ్డంగా కూర్చోవడం ఆ ఒక్కసారే చూశాను. తాళంచెవి భీమసేన్‌కి ఇచ్చి జీపులో పెట్టి రమ్మన్నాను.

ఈలోగా కైలాసం వచ్చాడు. గుత్త సంగతి అడిగితే ముఖంలో రంగు కూడా మారలేదు. "అన్న సొత్తు తమ్ముడు సూడకపోతే ఎవులు సూస్తారు?" అన్నాడు. వదినకి తిండి పెడతాట్ట, నీళ్ల యాపారం ఆడవాళ్ల వల్ల అయ్యే పని కాదట. కంచే చేను మేస్తుంటే ఇక కాపలా ఎందుకు? కొత్తగా వచ్చే పిల్లలకి ఒకటి చెప్తాను. పరోపకారం చెయ్యమని ఎవరైనా మిమ్మల్ని బతిమాలితే, ఆ ఉపకారం అందుకోవలసినవాడు ఎక్కడున్నాడో వెతికి, ముందు అతన్ని అడగండి. ఆ రోజు అతను నాకు ఎదురుగానే కూర్చొని ఉండటం నా అదృష్టం.

సూరమ్మ

చేనుకి వ్యవధి లేదు, ఒట్టుకి మినహాయింపు లేదు. ప్రెసిడెంటు సిమాంచలని పట్టుకొని దండాసి ఇంటికి వెళ్లాను. దారిలో ఆయన్ని ఒకటే అడిగాను, ఇంట్లోవాళ్లు దినాల తర్వాతే మాట్లాడాలా, ముందు మాట్లాడకూడదా అని. ముందు మాట్లాడకూడదని ఎవరూ అనలేదు, కాని మొగుడు పోయిన ఆడది దినాలు కాకుండా గడప దాటడం ఈ ఊళ్లో ఇంతవరకు లేదు అన్నాడు. తాను అవుననలేను, కాదనలేను అన్నాడు.

ఇంట్లో పొయ్యి వెలగలేదు. సూరమ్మ లోపల గోడకి ఆనుకొని కూర్చుంది. అత్తగారు, అంటే దండాసికీ కైలాసానికీ తల్లి, గడప దగ్గర పడుకొని ఉంది. మేం వాకిట్లోనే నిలబడ్డాం. సూరమ్మే అడిగింది.

"తోకకి నీరు ఎల్లిందా?"

లేదన్నాను. జరిగిందంతా చెప్పాను, కైలాసం ఫోన్‌తో సహా. తల్లి వింటోందని తెలిసే చెప్పాను. సూరమ్మ లేచి, గూట్లో ఉన్న మదుము తాళంచెవి తీసుకుంది. గడప దగ్గరికి వచ్చి ఆగింది. ముసలమ్మ అడ్డంగా ఉంది. కోడల్ని ఆపుతుంది, ఆపి తీరుతుంది అనుకున్నాను. చచ్చిన కొడుకు ఒకవైపు, బతికున్న కొడుకు ఒకవైపు. ఏ తల్లి అయినా బతికున్నవాడి వైపే వాలుతుంది.

ముసలమ్మ చేతులమీద లేచి పక్కకి జరిగింది.

"ఎల్లు," అంది. "నా కొడుకు కాలిపోనాడు గాని, ఆడి మాట కాలిపోనేదు."

సిమాంచల తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

సూరమ్మ వీధిలో నడిచింది. ఎదురైనవాళ్లు ముఖం తిప్పుకున్నారు. ఒక ఇంటి తలుపు మా కళ్లముందే మూసేశారు. ఆమె అటూ ఇటూ చూడలేదు. గట్టు మీదికి చేరేసరికి వెనక ఊరు సగం వచ్చేసింది. మదుము దగ్గర నిలబడి, గొంతు పెంచకుండా, "ఈ నీరు మా ఆయన పాడుకున్నాడు. ఆయన ఎనకాల నాది," అంది. కైలాసం ఏదో అనబోయాడు. సిమాంచల చెయ్యెత్తి అతన్ని ఆపి, విన్నాం అన్నాడు. అంతే, అంతటితో అయిపోయింది.

తాళం తీసింది గాని మదుము మర తిరగలేదు. బిగుసుకుపోయి ఉంది. భీమసేన్ ముందుకు వెళ్లబోతే చొక్కా పట్టుకొని వెనక్కి లాగాను. ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాం, అంత పెద్ద సర్కారూ ఆ రోజు చేసిన పని అదే. జనంలోంచి అప్పన్న భార్య పోలమ్మ వచ్చింది. మైల మనిషిని తాకితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. సూరమ్మ చేతుల పక్కనే తన చేతులు వేసి తోసింది. ఇద్దరూ కలిసి తిప్పారు. అడుగున నీళ్లు గుప్పుమన్నాయి.

తాళంచెవి కొంగున కట్టుకొని ఇంటికి పోతుందనుకున్నాను. ఆమె కాలువ గట్టు మీద నీటితోపాటు నడవడం మొదలుపెట్టింది. నేనూ సిమాంచలా వెనక నడిచాం. తల దగ్గరి చేలవాళ్లు పారలు పట్టుకొని గట్ల మీద నిలబడి ఉన్నారు. మామూలు రోజుల్లో అయితే ఎవరో ఒకరు అడుగు వెడల్పున గండి కొట్టేవారు. దండాసి ఉన్నప్పుడు కూడా కొట్టేవారు. ఆ రోజు ఒక్క పార కదల్లేదు. ఆమె దగ్గరికి వచ్చేసరికి చాలామంది పక్కకి తిరిగి నిలబడ్డారు. అది అపశకునానికి భయపడో, సిగ్గుపడో నాకు తెలియదు.

పొద్దు వాలేవేళకి నీళ్లు అప్పన్న మడిలో పడ్డాయి. నెర్రెల్లోకి దిగిపోతూ, పైకి తేలుతూ, మెల్లగా పాకాయి. అప్పన్న ముఖం తిప్పుకోలేదు. ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు. "మా ఆయన ఇత్తానన్న వంతు ఇది అప్పన్నా," అంది సూరమ్మ. "రేపట్నించి నన్నడగాల."

ఆ రాత్రి గొడవలవుతాయేమోనని నేను పొలసరలోనే ఉండిపోయి, తెల్లవారాక మళ్లీ వెళ్లాను. సూరమ్మ ఇంటి వాకిట్లో వంతు అడగడానికి వచ్చినవాళ్లు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు కైలాసం ఉన్నాడు. అతని చేనూ పొట్టకొచ్చింది. తలవంచుకొని, "వొదినా, నా వంతు," అన్నాడు. ఇవ్వదు, ఇవ్వకూడదు అని నాకు నేనే పళ్లు బిగబట్టి అనుకుంటున్నాను. ఆమె ఏ గట్టునుంచి ఎంతసేపు తీసుకోవాలో చెప్పి, ఎల్లు అంది.

అతను వెళ్లాక ఉండబట్టలేక అడిగాను, వాడికెందుకిచ్చావమ్మా అని.

ఆమె నన్ను వింతగా చూసింది.

"ఆడి సేను ఏటి పాపం సేసింది బాబూ?"